ఎనిమిదో బొమ్మ

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఆవిడను వీధిలో వాళ్లందరూ ఇప్పటికీ కర్బనం టీచరు అనే అంటారు. పేరు పెట్టింది పిల్లలు. మొదట చాటుగా అనేవారు, తరవాత తరవాత ఎదుటే అనడం మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కనాడూ కోప్పడలేదు. కర్బనానికి నాలుగు చేతులు, నాలుగింటికీ ఎప్పుడూ పని ఉంటుంది, ఒక్క చెయ్యి ఊరికే వేలాడదు. అంతకంటే మంచి పేరు తనకెవరు పెట్టగలరని లోలోపల మురిసిపోయేది కూడా.

ఆ రోజు మాత్రం ఆవిడకున్న రెండు చేతులకూ ఏ పనీ కుదరలేదు.

పొద్దున్న తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎదురింటి దర్జీ కూతురు నిలబడి ఉంది. చేతిలో మడతపెట్టిన ప్రశ్నపత్రం, పిడికిలిలో ఇంకేదో.

“టీచరుగారూ, ఒక్క అయిదు నిమిషాలు.”

“అయిదు నిమిషాలన్నవాళ్లు అయిదు నిమిషాల్లో లేవడం నేనెన్నడూ చూడలేదు. కూర్చో.”

పిల్ల కూర్చోలేదు. ప్రశ్నపత్రం బల్లమీద పరిచి, ఒక ప్రశ్న మీద వేలు పెట్టింది. అది ఔషధ పరీక్షాశాలలో రెండేళ్ల శిక్షణకు పెట్టిన ప్రవేశపరీక్ష. సీట్లు నలభై. జాబితా వచ్చి మూడు రోజులైంది. అందులో టీచరుగారి మనవరాలిది నలభయ్యో స్థానం, దర్జీ కూతురిది నలభై ఒకటి. ఇద్దరికీ మధ్య తేడా ఒకే ఒక మార్కు.

ప్రశ్న చిన్నది. ఏడు కర్బనాలూ పదహారు హైడ్రోజన్లూ ఉన్న అణువుకు నిర్మాణ సాదృశ్యకాలు ఎన్ని? అంటే, సరుకు అదే అయినా దాన్ని ఎన్ని తీరుల అమర్చవచ్చు అని. అమరిక మారితే పదార్థమే మారిపోతుంది. మరిగే వేడి దగ్గర్నుంచి అన్నీ వేరు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు అని నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు.

“నేను తొమ్మిది పెట్టానండి. వాళ్ల జవాబుల పట్టీలో పది అని ఉంది.”

“పదే.”

“మీరు రాసిన నీలం అట్ట పుస్తకంలోనూ పది బొమ్మలున్నాయండి. కానీ అందులో మూడోదీ ఎనిమిదోదీ ఒకటేననిపిస్తోంది.”

“అనిపించడానికి ఇదేమీ పాట కాదమ్మా. లెక్క. వరసగా పెట్టుకుంటూ పోతే వచ్చేది పది. ఎన్ని వందలమందిచేత పెట్టించాను!”

ఈలోగా లోపలి గదిలోంచి మనవరాలు జుట్టు దువ్వుకుంటూ వచ్చింది. తల్లి ఆస్పత్రిలో నర్సు. పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతుంది కనుక పిల్ల పెంపకమంతా అమ్మమ్మ చేతిమీదే జరిగింది. ఒక్కచోట కాలు నిలవదని చిన్నప్పుడే మిడత అని పేరు పడింది. మూడు రోజులుగా ఆ కాలు అసలు నేలమీద లేదు. శిక్షణకు తీసుకెళ్లవలసినవన్నీ మంచం నిండా పరిచి ఉన్నాయి.

“ఆ ప్రశ్నా? నేను కళ్లు మూసుకుని పది పెట్టేశా. అమ్మమ్మ పుస్తకం నలభై ఆరో పేజీ. నిద్రలో లేపి అడిగినా చెప్తాను,” అంది మిడత.

దర్జీ కూతురు ఆమె వంక చూడలేదు. టీచరునే చూస్తూ నెమ్మదిగా అంది. “నలభయ్యోది ఎవరిదో నాకు తెలుసండి. అందుకే మూడు రోజులు గడప దిగకుండా కూర్చున్నాను. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇవాళ సాయంత్రం అయిదింటితో గడువైపోతుంది. తప్పు నాదైతే నాదని మీ నోటితో చెప్పండి, వెళ్లిపోతాను.”

“చెప్పానుగా. పదే.”

పిల్ల పిడికిలి విప్పింది. అందులో తెల్ల గుండీలు ఏడు, దారంతో ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. ఒక్కో గుండీకి నాలుగు చిల్లులు. అయిదు గుండీలు వరసగా, రెండో గుండీ నుంచి మరో రెండు గుండీల కొమ్మ. అచ్చం పుస్తకంలోని ఎనిమిదో బొమ్మలాగే ఉంది.

“నాన్న గుండీలకి నాలుగు చిల్లులు, కర్బనానికి నాలుగు చేతులు. కుట్టుకుంటూ కూర్చున్నప్పుడు తట్టిందండి,” అని దాన్ని బల్లమీద పెట్టింది. “ఇక్కడే ఉంచుతాను. వీలైతే కాస్త చూడండి. ఎవరిదో చొక్కా గుండీల్లేకుండా వేలాడుతోంది, నాన్న అడిగితే ఏదో ఒకటి చెప్తాలెండి. నేను పరీక్షల ఆఫీసు దగ్గర ఉంటాను.”

ఆ పిల్ల వెళ్లిపోయింది. మిడత గుమ్మందాకా వెళ్లి చూసి వచ్చి, “పాపం,” అంది. ఆ పాపంలో పైకి తేలే సంతోషం టీచరు చెవికి తెలిసిపోయింది గాని, తప్పు పట్టడానికి ఆవిడకు నోరు రాలేదు. తనకూ అలాగే ఉంది కనుక.

*

ఆవిడ వెళ్లి వంటింట్లో సర్దిన గిన్నెలనే మళ్లీ సర్దింది. కిటికీ తలుపు తీసి, వేసి, మళ్లీ తీసింది. చేతిసంచీలోంచి అన్నీ బయటకు తీసి దులిపి తిరిగి పెట్టింది. ఆ పిల్ల పొగరుబోతు కాదు, సోమరిపోతు అసలే కాదు. అటువంటి పిల్ల మూడు రోజులు మింగుకుని కూర్చుని చివరి రోజున వచ్చిందంటే ఊరికే రాదు. ఆ మాట ముల్లులా ఎక్కడో గుచ్చుకుని, కూర్చుంటే నొప్పెడుతోంది, నిలుచుంటే నొప్పెడుతోంది.

మధ్యాహ్నం రెండింటికి కాగితం తీసుకుంది. ఏడు చుక్కలు తిన్నగా ఒక వరస: ఒకటి. ఆరు చుక్కల వరసకు రెండో చోట ఒక కొమ్మ, మూడో చోట ఒక కొమ్మ: మూడయ్యాయి. అయిదు చుక్కల వరసకు ఒంటి కొమ్మలు రెండేసి, నాలుగు తీరులు: ఏడు. అదే అయిదు చుక్కల వరసకు రెండు చుక్కల జంట కొమ్మ, రెండో చోట ఒకటి, మూడో చోట ఒకటి: తొమ్మిది. నాలుగు చుక్కల వరసకు మూడు కొమ్మలు: పది. గీతలన్నీ స్కేలుతో గీసినట్టు తిన్నగా వచ్చాయి. ఆవిడ బోర్డు మీద గీస్తే పక్క తరగతి టీచర్లు వచ్చి చూసిపోయేవారు.

“చూశావా, పదే,” అని పైకే అంది, ఎవరూ లేని గదిలో.

అయినా కుదుట పడలేదు. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి కూర్చుంది. పిల్లలకు తానే చెప్పేది: బొమ్మ గీస్తే చాలదు, పేరు పెట్టి చూడండి, పేరు కుదరకపోతే బొమ్మే తప్పు అని. పుస్తకంలో ఆ పేజీకి పేర్లు వెయ్యలేదు. పేజీలో చోటు సరిపోదని ఆవిడే వద్దంది. ఇప్పుడు ఒక్కో బొమ్మ కింద పేరు రాసుకుంటూ వచ్చింది. ఏడింటిదాకా కలం పరుగెత్తింది. ఎనిమిదో బొమ్మ కింద ఆగింది.

అయిదింటి వరస పెంటేను. రెండో చోట రెండు కర్బనాల కొమ్మ ఇథైలు. రెండు-ఇథైల్ పెంటేను. అటువంటి పేరు ఆవిడ ఎరిగిన ఏ గ్రంథంలోనూ లేదు. ఉండదు. అణువులో అన్నిటికంటే పొడుగైన గొలుసును పట్టుకునే పేరు పెట్టాలన్నది మొదటి పాఠం. ఈ బొమ్మలో పొడుగైన గొలుసు అయిదుదేనా?

బల్లమీద గుండీలు ఉన్నాయి. ఆవిడ ఎడమ చేత్తో జంట కొమ్మ చివరి గుండీని, కుడి చేత్తో వరస అవతలి కొసనున్న గుండీని పట్టుకుని నెమ్మదిగా లాగింది. దారం బిగిసింది. కొమ్మ కొమ్మ కాకుండా పోయింది. ఆరు గుండీలు తిన్నగా వరసకట్టాయి. మొదట వరసలో ముందున్న గుండీ ఒక్కటే ఇప్పుడు మూడో చోట కిందికి వేలాడుతోంది. ఆరింటి వరస, మూడో చోట ఒంటి కొమ్మ. అది మూడో బొమ్మ.

 వదిలేసి మళ్లీ లాగింది. మళ్లీ అదే.

కాగితం మీద అడ్డంగా కనిపించే వరసనే ఆవిడ వెన్నెముక అనుకుంది, పైకి గీసినదాన్ని కొమ్మ అనుకుంది. అణువుకు అడ్డమూ తెలియదు, నిలువూ తెలియదు. తన తిన్నని గీతలే తనను ఇన్నేళ్లు వంచించాయి. పది అన్న అంకె గుండ్రంగా, పూర్తయినట్టుగా ఉంటుంది. మళ్లీ తెరిచి చూడవలసిన అవసరం రానివ్వదు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. జ్ఞాపకం వచ్చిందనడం కూడా అబద్ధమే. పొద్దున దర్జీ కూతురు ‘మూడోదీ ఎనిమిదోదీ’ అన్నప్పుడే లోపల కదిలింది, ఆవిడే తలుపు వేసుకుంది. ఎన్నో ఏళ్ల కిందట, చివరి బెంచీ పిల్ల ఒకతె, మెడ పక్కకు వాల్చి బోర్డు వంక చూస్తూ, “మూడోదీ ఎనిమిదోదీ ఒకటేనేమో టీచర్,” అంది. “అట్లా మెడ వంకర పెట్టుకు చూస్తే ప్రపంచమంతా ఒకటిలాగే కనిపిస్తుంది,” అని తను అంది. తరగతి మొత్తం గొల్లుమంది. ఆ పిల్ల పరీక్షలో తొమ్మిదనే రాసింది. ఎర్రసిరాతో కొట్టేసింది తనే. పేరు గుర్తు రాలేదు. ముఖం గుర్తు రాలేదు. వాలిన మెడ మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

*

“అమ్మమ్మా, నా నల్ల బూట్లు ఎక్కడ పెట్టావు?” అంటూ మిడత వచ్చింది. అమ్మమ్మ ముఖం చూసి ఆగిపోయింది. “ఏంటి? ఒంట్లో బాగాలేదా?”

“తొమ్మిదే.”

“ఏంటి తొమ్మిది?”

“జవాబు. ఆ పిల్ల రాసిందే ఒప్పు. నా పుస్తకం తప్పు.”

 మిడత నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే పోయింది. “సరే, తప్పే అనుకో. అయితే ఏంటి? జవాబుల పట్టీలో పది అనే ఉందిగా. నువ్వు వేశావా ఆ పట్టీ?”

“నా పుస్తకం చూసే వేసుంటారు.”

“అమ్మమ్మా. ఒక్క బొమ్మ. ఎప్పుడో ఎక్కడో గీసిన ఒకే ఒక్క బొమ్మ. దానికోసం నా సీటు పోగొడతావా?”

“సీటు నీదైతే పోదు.”

“నాదే! రెండేళ్లు చదివాను. మిగతా తొంభై తొమ్మిది ప్రశ్నలు నువ్వొచ్చి రాశావా?” గొంతు పెరిగింది. “అసలు పది అని నేనెందుకు పెట్టాను? నువ్వు చెప్పావు కాబట్టి. లెక్కపెట్టుకుంటానంటే, అక్కర్లేదు పుస్తకంలో ఉంది కంఠస్థం చెయ్యమన్నావు కాబట్టి! తప్పు నీది, శిక్ష నాకా? ఇదేం న్యాయం?”

ఆవిడ బడిలో, ఇంట్లో, కాపురంలో, బస్సుల్లో, జీవితమంతా న్యాయం అన్నమాట వాడుతూ వచ్చిన మనిషి. ఆ మాట తనవైపు తిరిగి నిలబడితే ఎలా ఉంటుందో ఇన్నాళ్లూ తెలియలేదు. మనవరాలు చెప్పినదాంట్లో అక్షరం అబద్ధం లేదు. దర్జీ కూతురు చెప్పినదాంట్లోనూ లేదు. ఇద్దరివీ నిజాలే అయినప్పుడు మూడో మనిషి తప్పు ఎక్కడుందో వెతకాలి. ఇక్కడ వెతకనక్కర్లేదు, తనే.

“న్యాయం కాదు. కానీ ఆ పిల్లకి జరిగింది అంతకంటే న్యాయం కాదు,” అంది చివరికి. “నీకు అన్యాయం చేసింది నేను. ఆ పిల్లకి చేసిందీ నేనే. నీది దిద్దడానికి ఇవాళ దారి లేదు. దానిది దిద్దడానికి అయిదింటిదాకా ఉంది.”

“వెళ్లు. వెళ్లి దాన్నే మనవరాలిగా తెచ్చుకో!”

లోపలి గది తలుపు దభీమని పడింది. మంచం మీది సామాను నేలమీదికి దొర్లిన చప్పుడు వినిపించింది. గడియారం చూస్తే మూడు దాటి పది. ఆవిడ గొడుగూ సంచీ తీసుకుని బయటపడింది. వీధి మలుపుదాకా వెళ్లి, తలుపు వేశానా లేదా అని వెనక్కి వచ్చింది. వేసే ఉంది. మళ్లీ బయలుదేరింది.

*

బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. రెండు స్టాపులు కూర్చుంది, మిగిలిన దారంతా కమ్మీ పట్టుకుని నిలబడింది. ప్రతి ఎర్ర దీపం దగ్గరా బస్సు ఆగినప్పుడల్లా, ఇక్కడే దిగి వెనక్కి పొమ్మని కాళ్లు చెబుతున్నాయి. వెళ్లకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ పిల్ల నోరు విప్పదు. గుండీలు దారం తెంపితే ఏడు గుండీలే. ఈ ఆలోచన ఇంత సులువుగా వచ్చినందుకే ఆవిడకు ఒళ్లు మండింది. దిగవలసిన స్టాపులోనే దిగింది.

పరీక్షల కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి నడవ, ఒక చెక్క బెంచీ, ఒక అద్దం వెనక గుమాస్తా. బెంచీ మీద దర్జీ కూతురు నింపిన దరఖాస్తు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. టీచరును చూసి లేచి నిలబడింది.

“ఎంతసేపయింది వచ్చి?”

“పదింటికి వచ్చానండి. ఆధారం లేకుండా తీసుకోం అంటున్నారు.”

టీచరు అద్దం దగ్గరకు నడిచింది. గుమాస్తాకు యాభై ఉంటాయి. కళ్లజోడు ముక్కు చివర, ముద్రల పెట్టె మోచేతి పక్కన.

“ఈ పిల్ల చెప్పేది నిజం.”

“నిజం సరేనమ్మా. ఆధారం?”

“నిజమైతే ఆధారమెందుకు?”

“అబద్ధానికైతే అడిగేవాణ్ణి కాదండి, చింపి పారేసేవాణ్ణి,” అన్నాడు గుమాస్తా తాపీగా. ఒక అచ్చు కాగితం తీసి అద్దం కింది కంతలోంచి తోశాడు. “ఇవి మేము ఆమోదించిన పుస్తకాలు. ఫోన్లో చూశాం, కంప్యూటర్లో చూశాం అంటే కుదరదు. ఈ ప్రశ్నకి ఆధారం ఈ పట్టీలో మూడోది. నీలం అట్ట పుస్తకం, నలభై ఆరో పేజీ. పది అని స్పష్టంగా ఉంది.”

“ఆ పుస్తకం రాసింది నేనే.”

గుమాస్తా కళ్లజోడు తీశాడు. “మీరా? కర్బనం టీచరా? అయ్యో, మా చెల్లెలు మీ తరగతేనండీ! చిన్నప్పుడు అల్లరి చేస్తే మీ పేరు చెప్పేవాళ్లం, ఠక్కున నోరు మూసేది. కూర్చోండి, కూర్చోండి.”

“కూర్చోను. ఏం చెయ్యాలో చెప్పు.”

అతను ఇంకో కాగితం వెతికాడు. చాలాసేపు వెతికాడు. “రచయిత స్వయంగా వచ్చి తప్పు దిద్దుతూ రాసిస్తే తీసుకోవచ్చని నిబంధన ఉందండి. ఈ కుర్చీలో పందొమ్మిదేళ్ల నుంచీ ఉన్నాను, ఒక్కరూ రాలేదు. కాగితం అట్టడుగుకి పోయింది. ఇదిగో. మీ గుర్తింపు కార్డు ఒకసారి ఇవ్వండి.”

ఆవిడ సంచీ తెరిచింది. కళ్లజోడు పెట్టె, రుమాలు, కలాలు రెండు, బస్సు పాసు. కార్డు లేదు. అడుగుదాకా తడిమింది. పొద్దున సంచీ దులిపి సర్దినప్పుడు వంటింటి బల్లమీద పెట్టిన కార్డు, పెట్టినచోటే ఉన్నట్టు కళ్లముందు కనిపించింది. ఆ క్షణంలో, ఆవిడకు సిగ్గేసేంత స్పష్టంగా, లోపల ఏదో హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేను వచ్చాను, చెయ్యగలిగింది చేశాను, కార్డు లేదు, నేనేం చెయ్యను? ఇంటికి పోవచ్చు.

గడియారం నాలుగు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

“ఇంటికి ఫోను చేసుకోవచ్చా?”

గుమాస్తా ఫోను ఇటు జరిపాడు. చాలాసేపు మోగాక మిడత ఎత్తింది.

“నా కార్డు వంటింట్లో బల్లమీద ఉంది. అయిదులోగా ఇక్కడికి తేవాలి.”

 “నన్నా? నన్ను తెమ్మంటున్నావా?”

“ఇంట్లో నువ్వే ఉన్నావు.”

“నా సీటు నా చేత్తోనే తీసిపెట్టమని! నేను రాను.”

ఫోను పెట్టేసింది. దర్జీ కూతురు అంతా విన్నది. నేల చూస్తూ, “పోనీలెండి టీచరుగారూ. మీరు వచ్చారు, అది చాలు,” అంది.

“చాలదు,” అంది టీచరు. మాట కటువుగా వచ్చింది. “చాలు అనుకున్నవాళ్లంతా కలిసే నిన్నిక్కడ కూర్చోబెట్టారు. నాతో సహా.”

నడవలో ఆ చివరినుంచి ఈ చివరికి నడవడం మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిది పలకలు. ఇరవై ఎనిమిదీ లెక్కపెట్టి వెనక్కి. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న ఆవిడను గుమాస్తా రెండుసార్లు తల ఎత్తి చూసి, మంచినీళ్లు పంపాడు. ఆవిడ తాగలేదు. నాలుగున్నర అయింది. వీధిలోకి కిటికీలోంచి చూసింది. బస్సు ఆగింది, దిగినవాళ్లలో మిడత లేదు. తను మెడ వంకర అని తరగతిచేత నవ్వించిన పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, ఏం చేస్తోందో. దానికి ఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి? నాలుగూ నలభై అయిదు. ఇంకో బస్సు. లేదు. గుమాస్తా ముద్రలు తుడిచి పెట్టెలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగూ యాభై రెండుకు మెట్ల మీద ధనధనా అడుగులు. రెండేసి మెట్లు దూకుతూ ఎక్కే ఆ చప్పుడు ఆవిడకు పందొమ్మిదేళ్లుగా తెలుసు.

మిడత వగరుస్తూ వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. ఏడ్చిందో పరుగెత్తిందో చెప్పడం కష్టం. కార్డు అద్దం ముందు విసిరినట్టు పెట్టింది. దాని పక్కన గుండీల గొలుసు పడేసింది.

“ఇవెందుకు తెచ్చావు?” అంది అమ్మమ్మ.

“ఆధారం అడుగుతారుగా.” మిడత నుదుటి చెమట తుడుచుకుంది. “లాగి చూశాను. తప్పు నీది కాదేమో, దానిదేనేమో అని చూశాను. ఆరుసార్లు లాగాను. ఆరుసార్లూ ఆ పాడు గుండీ మూడోచోటే వేలాడుతోంది. ఇంక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. నీకోసం రాలేదు నేను.” దర్జీ కూతురివైపు తిరిగింది. “నీకోసం కూడా కాదు.”

“తెలుసు,” అంది దర్జీ కూతురు.

గుమాస్తా గుండీలు అందుకున్నాడు. ఒక కొస, ఇంకో కొస పట్టుకుని లాగాడు. “అరె!” అన్నాడు చిన్నపిల్లాడిలా. ఇంకోసారి లాగాడు. “నేనూ ఈ పుస్తకం చదివే పాసయ్యానండీ. ఇప్పుడు నా మార్కు వెనక్కి లాక్కోరు కదా?”

“ముద్ర తియ్యి,” అంది టీచరు.

నిలబడే రాసింది. అతను తొంగి చూసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. “అచ్చుతప్పు అని రాయండమ్మా. గౌరవంగా ఉంటుంది. పని ఎలాగూ జరుగుతుంది.”

“అచ్చువేసినవాడు నేనిచ్చింది ఇచ్చినట్టే వేశాడు. వాడిమీదికి నెట్టడానికి నేను ఇంత దూరం రాలేదు.”

కాగితం మీద ఉన్నది మూడు వాక్యాలు. నలభై ఆరో పేజీలోని ఎనిమిదో బొమ్మ వేరే పదార్థం కాదు, మూడో బొమ్మే. సరైన సంఖ్య తొమ్మిది. తప్పు అచ్చుది కాదు, రచయిత్రిది. కింద సంతకం. గీత ఎప్పటిలాగే తిన్నగా వచ్చింది. ఆ తిన్నదనం చూస్తే ఆవిడకు తొలిసారి అసహ్యం వేసింది.

ముద్ర పడ్డప్పుడు అయిదుకు రెండు నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో మిడత పది అడుగులు ముందు నడిచింది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది. అమ్మమ్మ పిలవలేదు.

*

నాలుగు రోజుల తరవాత సవరించిన జాబితా వచ్చింది. దర్జీ కూతురిది ముప్పై తొమ్మిది. తొమ్మిది రాసినవాళ్లు ఇంకా ఉన్నారు కాబోలు, వాళ్లూ పైకి వచ్చారు. మిడతది నలభై నాలుగు. ఎవరైనా మానేస్తే పిలుస్తామన్న పట్టీలో నాలుగోది. నలుగురు మానెయ్యరు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ నాలుగు రోజులూ మిడత అవసరానికి మించి ఒక్కమాట మాట్లాడలేదు. మంచం మీది సామాను ఎక్కడిదక్కడ పెట్టేసింది. కర్బనం టీచరుకు పడుకుంటే నిద్ర లేదు, లేస్తే స్థిమితం లేదు. చేసిన పనికి పశ్చాత్తాపం లేదు. కానీ ఒప్పు చేశాక మనసు తేలిక పడుతుందని పిల్లలకు ఇన్నేళ్లు చెప్పినమాట కూడా ఒకసారి దిద్దుకోవలసినదేనేమో అనిపించింది.

జాబితా వచ్చిన సాయంత్రం మిడత అలమారలోంచి నీలం అట్ట పుస్తకం తీసి తెచ్చి, అమ్మమ్మ ముందు బల్లమీద దబ్బున పడేసింది.

“ఇందులో ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయి?”

“తెలీదు.”

“ఎనిమిది కర్బనాలకి ఎన్నని రాశావు?”

“పద్దెనిమిది.”

“ఒప్పేనా?”

ఒప్పే అన్నమాట అలవాటుకొద్దీ ఆవిడ పెదవులదాకా వచ్చింది. అక్కడ ఆగింది. “తెలీదు,” అంది. “లెక్కపెట్టాలి.”

మిడత కాసేపు నిలబడి, గోళ్లు కొరుక్కుని, కిటికీదాకా వెళ్లి వచ్చింది. “వచ్చే ఏడు మళ్లీ రాస్తాను. ఈసారి నీ పుస్తకం కంఠస్థం చెయ్యను. నేను లెక్కపెడతాను, నువ్వు చూడు. తప్పైతే చెప్పు. ఎందుకు తప్పో కూడా చెప్పు.”

“అట్లాగే.”

“కోపం పోలేదు నాకు.”

“పోనక్కర్లేదు. కూర్చో.”

“కూర్చుని లెక్కపెట్టడానికి ఏడు గుండీలే ఉన్నాయి. ఎనిమిదోది కావాలి,” అంటూనే మిడత గుమ్మం దాటింది.

ఆవిడ పుస్తకం నలభై ఆరో పేజీ తెరిచింది. ఎనిమిదో బొమ్మ ఎప్పటిలాగే అందంగా, తిన్నగా ఉంది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మెడ పక్కకు వాల్చి చూసింది. ఇంకాస్త వాల్చింది.

ఎదురింట్లోంచి దర్జీ గొంతు వీధంతా వినిపించింది. “ఇంకోటా? అమ్మా తల్లీ, ఆ చొక్కా మనిషి వారం నుంచీ వచ్చిపోతున్నాడు! ఇంక ఆయన దాన్ని పిన్నులు పెట్టుకునే తొడుక్కోవాలి!”